నుదుటి మీద వేలు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కరీంనగర్ నుంచి మందమర్రికి డ్యూటీ మీద పంపారు. నేను బధిరుల బడిలో టీచర్ని. ఉత్తర్వులో మాత్రం నా హోదా సైగల అనువాదకురాలు. మాటలు రాని బాధితులు చెప్పేది పోలీసులకు తెలుగులో చెప్పడం ఆ పని. అలాంటి వాళ్లను స్టేషన్‌కు పిలవకూడదు, ఇంటి దగ్గరే అడగాలి, వీడియో తీయాలి. ఆ రోజు ఇవన్నీ సక్రమంగానే జరిగాయి. తప్పు నా ఒక్కదాని దగ్గరే జరిగింది.

బాధితురాలు రాజవ్వకు ముప్పై ఐదేళ్లు, పుట్టు చెవుడు. బడి ముఖం చూడలేదు. బొగ్గుగనిలో పనిచేసే అన్న పోశం క్వార్టర్‌లోనే ఉంటుంది. ఎడమ చెయ్యి విరిగి ఆసుపత్రికి వస్తే, అది పడితే విరిగిన తీరు కాదని డాక్టరు పోలీసులకు రాసి పంపారు. కొట్టిందెవరో తేలకపోతే రాజవ్వ మళ్లీ ఆ మనిషి పక్కనే బతకాలి.

కొట్టిందెవరన్న ఎస్సై ప్రశ్నను, అన్నావదినల ముందే, చేతికట్టు చూపిస్తూ నేను సైగల్లో అడిగాను. రాజవ్వ నుదుటి మధ్య వేలు ఆనించింది. మా బడిలో అది బొట్టు, అంటే ఆడమనిషి. ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి వదిన కమల ఒక్కతే. "వాళ్ల వదినట సార్" అన్నాను, ముప్పై ఏళ్ల సర్వీసు ధీమాతో.

కమల తన భర్త పోశం వైపు చూసింది. "నేనే కొట్టిన సారూ. రాస్కోండ్రి" అంది.

"దానికి జర కోపమెక్కువ సార్. ఎన్నిసార్లు చెప్పినా ఇనలే" అన్నాడు పోశం.

పావుగంటలో ఒప్పుకోలుతో సహా కేసు ముగిసినందుకు ఎస్సై సంతోషించారు. నాకు టీ తెప్పించారు.

మహిళా కానిస్టేబుల్ కమలను జీపు వైపు తీసుకుపోతుంటే రాజవ్వ అడ్డం వచ్చి వదిన కొంగు పట్టుకుంది. తర్వాత గోడ మేకుకు వేలాడుతున్న గని హెల్మెట్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. దాని ముందువైపు దీపం తగిలించే చోట వేలు పెట్టి, అదే వేలు తన నుదుటికి ఆనించి, పోశాన్ని చూపించింది. ఆ ఇంట్లో నుదుటి మీద వేలంటే బొట్టు కాదు, అన్న. ఆ మాటే ఎస్సైకి చెప్పాను.

"అది మూగది సార్, దానికేం ఎరుక" అన్నాడు పోశం. ఎస్సై వాంగ్మూలం మొదటి నుంచి రాయించి, జీపులో అతన్ని ఎక్కించారు. నాకు సిగ్గేసింది. టీ సగమే తాగాను.

చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నావని కమలను అడిగాను.

"నన్ను గూడ గట్లనే కొడ్తడు మేడం. జైల్లయితే కొట్టడనుకున్న" అంది.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, ఇంట్లో ఒక్కొక్కరిని ఏ సైగతో పిలుస్తారో ముందు అడిగి రాసుకున్నాను. కొట్టిందెవరన్న ప్రశ్న మాత్రం, మిగతా ఇంటివాళ్లందరినీ బయటికి పంపించి, ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను.