బొంత మీద సముద్రం

ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి కింద, ఇల్లు పైన. మధ్యాహ్నం అన్నాలు తిని మా ఆయన అంగట్లోకి దిగిపోతే పైన నేనూ మా అత్తా మిగులుతాం. అట్లాంటి ఒక మధ్యాహ్నమే ఫోనులో సాషికో అనే జపాను కుట్టు చూశాను. నీలం గుడ్డ, తెల్లదారం, సూదిని పైకీ కిందికీ దూరుస్తూ పోవడం. అంతే! దాంతోనే గుడ్డంతా అలలు లేస్తున్నాయి. ఆగలేక మా అత్తకు చూపించాను.

"ఇది మన బొంత కుట్టే కదమ్మే! మనం నేరుగా పోతాండాం, వాళ్ళు వంకర్లు తిప్పినారు. దా, ఇద్దరం కుడదాం," అంది.

అంగట్లోంచి నీలం గుడ్డ తెచ్చి, అడుగున పాత చీరలు పరిచి, సుద్దముక్కతో అలలు గీశాను. చెరో అంచునా కూర్చుని గుడ్డను ఒళ్ళోకి లాక్కున్నాం.

"నీ అల యాడికొచ్చిండాది?"

"నీకంటే ముందుండా అత్తా!" అని బొంకాను. సూదులు పరుగో పరుగు.

ఇంతలో పక్కింటామె గడపలో నిలబడి, "అక్కా, ఒంటిమిట్ట ప్రసాదం తెచ్చినా," అంది. మా అత్త గబుక్కున లేచింది. బొంత ఆమెతోపాటు లేచింది. బొంతతోపాటు నేనూ ముందుకు పడ్డాను.

"గుడ్డ వదలమ్మే!"

"నేను పట్టుకోలేదత్తా! నువ్వే లాగుతాండావు!"

చూసుకుంటే ఆమె కుచ్చిళ్ళూ నా పమిటా రెండూ బొంతలో కలిసి కుట్టుకుపోయి ఉన్నాయి. ముందు ఎవరం నవ్వామో తెలియదు. పక్కింటామె ప్రసాదం ఒళ్ళో పెట్టుకుని గడప మీదే కూలబడి నవ్వింది.

కింది నుంచి మా ఆయన, "ఏమైందిమా?" అని అరిచాడు.

"ఏంల్యాప్పా! సముద్రంలో పడినాం!" అంది మా అత్త.

నా పమిటను పట్టిన కుట్లు విప్పేశాను. ఆమె కుచ్చిళ్ళ దగ్గర కుట్టు విప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోవద్దు! చీర పాతదే. అల శానా బాగొచ్చిండాది."

కత్తెర అందుకుని తన చీరనే చుట్టూ కత్తిరించేసింది. ఆ చిల్లులోంచి లంగా కనబడుతున్నా పట్టించుకోకుండా గడపదాకా నడిచి, ప్రసాదానికి చెయ్యి చాపింది.

ఇప్పుడు ఆ బొంత మా మంచం మీద ఉంది. ఎవరొచ్చినా పైనున్న అలల్ని మా అత్త చూడనివ్వదు. ముందు దాన్ని తిరగేసి, అడుగునున్న తన ఆకుపచ్చ చీరముక్కనే చూపిస్తుంది.