నలభై మూడో పేజీ, హంసలదీవి ఆటో

హంసలదీవికి అందరూ సముద్రం చూడటానికి వెళ్తారు. నేను ఒక్క సంతకం కోసం వెళ్ళాను. గుడివాడ కాలేజీలో లెక్కలు చెబుతూ ఆరేళ్ళుగా రాసిన థీసిస్‌ను మర్నాటి సాయంత్రంలోగా ఇవ్వాలి, లేకపోతే గడువు దాటిపోతుంది. అనంత గ్రూపుల ఆటోమార్ఫిజాలు నా విషయం. అంటే, అంతులేని గ్రూపులో ఒక్కొక్కరినీ ఇంకో చోటికి జరపాలి. వాళ్ళ మధ్య లెక్క చెడకూడదు, ఇద్దరు ఒకే చోట పడకూడదు, ఏ చోటూ ఖాళీ మిగలకూడదు.

ఏడింటి బస్సులో ఆధార్ చూపించి సున్నా టికెట్టుతో ఎనిమిదిన్నరకి బందరులో దిగాను. సంతకం పెట్టాల్సిన మా గైడు మాస్టారింటికి తాళం! పక్కింటావిడ తాపీగా చెప్పింది. "ప్రార్థన కూటానికి హంసలదీవి వెళ్ళారమ్మా. ఫోను మా ఇంట్లోనే మర్చిపోయారు, తెల్లారినప్పట్నుంచీ ఒకటే మోగుడు." మోగించింది నేనే. ఖర్మ!

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరు చేరేసరికి పన్నెండు. అక్కడ షేర్ ఆటో, మనిషికి నలభై. ఆరుగురు పట్టే బండిలో పదిమందిమి. బల్ల చివర నేను సగం గాల్లో ఉన్నాను. దారిలో చేపలమ్మే ఆవిడ ఖాళీ గంపతో చెయ్యెత్తింది. డ్రైవరు ఆపాడు.

"అందరూ ఒక్క జానెడు అటు జరగండమ్మా, ఈ చివర చోటొచ్చుద్ది."

"ఎక్కడికి జరగాలండీ? ఇంకా జరిగితే రోడ్డు మీదుంటాను!" అని అరిచాను.

ఆవిడ ఎక్కి కూర్చుని నవ్వింది. "బల్లకి చివరనేదే లేకపోతే నువ్వూ జరుగుదువు తల్లీ, ఏం చేస్తాం!"

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. బల్లకి అంతు లేకపోతే అందరూ ఒక్కో చోటు జరుగుతారు, ఎవరూ ఎవరి ఒళ్ళోనూ పడరు, అయినా మొదటి చోటు ఖాళీ అవుతుంది. మరి నలభై మూడో పేజీలో నేనేం రాశాను? ఇద్దరు ఒకే చోట పడలేదు కాబట్టి ఏ చోటూ ఖాళీ లేదని! అది అంతున్న గ్రూపులకే చెల్లే మాట. ఆ పేజీ మీదే మిగతా మూడు అధ్యాయాలూ నిలబడ్డాయి. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

హంసలదీవిలో ఆటో దిగేసరికి ప్రార్థన పందిరి కింద మాస్టారు భోజనాల బంతిలో అప్పుడే కూర్చున్నారు. "ఇంత దూరం వచ్చావా! ఇటివ్వమ్మా, రెండుసార్లు చదివాను, బాగుంది," అంటూ పెన్ను తీశారు. నోరు మూసుకుంటే అయిపోయేది.

"వద్దండీ. నలభై మూడో పేజీ చూడండి."

చూశారు. చాలాసేపు చూశారు. "నేనూ పట్టుకోలేకపోయానమ్మా," అని పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. ఏడుపొచ్చింది నాకు. ఆయన పక్కకి తిరిగి, "కాస్త జరగండయ్యా, అమ్మాయి పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు," అన్నారు. బంతి మొత్తం విస్తళ్ళతో సహా ఒక్కో చోటు జరిగింది. నాకు మొదటి చోటు దొరికింది. చివరున్న పెద్దాయన కిక్కురుమనకుండా చాప దిగి ఇసుకలో కూర్చున్నాడు.

గడువు దాటిపోయింది. ఆ పేజీ మళ్ళీ రాస్తున్నాను, విసుక్కుంటూనే. ఆరేళ్ళు కాగితం మీద అందరినీ జరిపాను గానీ, ఖాళీ అయిన చోటు వైపు ఒక్కసారీ చూడలేదు. మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. కోడూరు ఆటోలో బల్ల మధ్యలో కూర్చోండి, దారిలో ఇంకొకరు ఎక్కి తీరతారు.