గంజిలో పోసిన నీళ్లు

ఇన్నేళ్లుగా ఈ బరువు ఎవరి ముందూ దించలేదు. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు, మా ఆయన చెవిన వెయ్యరు. అయినా రాస్తూ గుమ్మం వైపే చూస్తున్నాను.

సిరిసిల్లలో మాది నేత ఇల్లు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, మగ్గం మీద కడుపు నిండడం లేదని మా ఆయన గోదావరి దాటి బొగ్గు గనికి పోతానన్నాడు. మా అన్న అలాంటి గనిలోనే చనిపోయాడు. వద్దంటే నవ్వాడు. ఒప్పుకున్న పడుగు నేసి ఇవ్వకుండా మావాళ్లు మగ్గం విడిచి పోరు. అది ముగించి తోటివాళ్లతో బయలుదేరాలని ఆయన ఆలోచన. పడుగు దారాలకు పట్టించే గంజి కాచేది మా అత్త. గంజి పలచనైతే పోగులు నిలవవు. ఆమె కుండ దించి పెరట్లోకి వెళ్లగానే నేను అందులో నీళ్లు పోశాను.

పోగులు తెగాయి. అతికిన చోటే మళ్లీ తెగాయి. తోటివాళ్లు ఆగకుండా వెళ్లిపోయారు, ఆయన ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

"గంజి కాసుడు గూడ మర్చిపోయినవా అవ్వా? నా బతుకు ఆగం చేసినవ్!" అని ఆయన అరిచాడు.

"నా కండ్లు మసకైనయేమో బిడ్డా. చెయ్యి తప్పింది. ఇగ కుండ ముట్ట," అంది అత్త.

నేను పక్కనే నూలు కండెలు చుడుతున్నాను. తల ఎత్తలేదు. ఆయన కొడతాడని భయపడ్డానా, లేక నా పని నెగ్గినందుకు లోపల కలిగిన సంతోషం ముఖంలో కనబడుతుందని భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను. అత్త నిజంగానే మళ్లీ కుండ ముట్టలేదు. తన చెయ్యే తప్పిందనుకుంటూ కన్నుమూసింది.

ఆ తర్వాత ఏ గొడవైనా ఆయన చివరికి తల్లి గంజి దగ్గరికే వస్తాడు. నేను నోరు మూసుకుంటాను. అలా మూసుకుని మూసుకుని, ఆయనతో మాట్లాడడమే మానేశాను. "గోడతోని కాపురం ఇగ నాతోని కాదు," అని మొన్న పెద్దలకు కబురు పెట్టాడు.

సోమవారం కులపెద్దలు కూర్చుంటారు. ఇద్దరి చేతా పుల్ల విరిపిస్తే మాలో తెగతెంపులైనట్టే. విరిచే ముందు, నీ దిక్కున తప్పేమన్నా ఉందా అని అడుగుతారు. చెబితే ఆయన ఆ పుల్ల తప్పక విరుస్తాడు. చెప్పకపోతే, ఒకవేళ మనసు మార్చుకున్నా, ఆ గంజి మాట వింటూనే బతకాలి. చెప్పగలనా? నోటికి వస్తుందో రాదో, ముందు మీ దగ్గర అని చూస్తున్నాను.

మా అత్త చెయ్యి తప్పలేదు. నీళ్లు పోసింది నేను.