దసరా సెలవులకి ముడివేసిన ప్రయాణం

2025. దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చి, ఒక సెలవు గంగలో కలిసిపోయిందని ఢిల్లీ ఆఫీసుల్లో అందరూ తిట్టుకున్న ఏడాది. ఢిల్లీని ఆనుకునున్న వైశాలిలో, మెట్రో దగ్గర నాకు చిన్న ట్రావెల్ ఏజెన్సీ ఉంది. టికెట్లు, హోటళ్లు, వీసా కాగితాలు చూస్తాను. చుట్టుపక్కల ఉండే తెలుగు ఉద్యోగులే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. విదేశం వెళ్ళాలనుకుంటే వాళ్ళు ముందు చూసేది ఊరి పేరు కాదు, సెలవుల క్యాలెండరు.

ప్రిఫిక్స్, సఫిక్స్ అని ప్రభుత్వోద్యోగుల మాట ఒకటుంది. పెట్టిన సెలవుకి ముందో పండగ, వెనక శనాదివారాలు అతికిస్తే సొంత సెలవు తక్కువ ఖర్చయి ఎక్కువ రోజులు కలిసొస్తాయి. ఇందులో ఆరితేరినవాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. రమణ గారి సంగతి జరిగాక ఆ నవ్వు పోయింది.

రమణ గారు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. కాకినాడ మనిషి. ఆగస్టులో భార్య లలిత గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన చెల్లెలు పద్మజ భర్తతో దక్షిణ కొరియాలో ఉంటోంది. కేన్సరు. విమానం ఎక్కించే స్థితి దాటిపోయింది. అన్నయ్యని ఒక్కసారి చూడాలని అడుగుతోందట.

"సెప్టెంబరు మొదట్లో వెళ్ళిపోండి. రద్దీ ఉండదు, వీసా కూడా తొందరగా వస్తుంది" అన్నాను.

"అప్పుడైతే అన్నీ ఈఎల్‌లే పోతాయండి" అన్నారాయన. ఈఎల్ అంటే సర్వీసులో జమయ్యే సొంత సెలవు. "దసరాకైతే కలిసొస్తుంది. సెక్షన్‌లో కూడా ఎవరూ ఏమీ అనరు."

"దసరాకి సగం ఢిల్లీ ఎయిర్‌పోర్టులోనే ఉంటుందండి. పైగా అప్పుడే కొరియాలో చుసోక్. పంట చేతికొచ్చాక పెద్దల్ని తలుచుకునే పండగ, దేశమంతా సొంతూళ్ళకి కదులుతుంది. వీసా ఆఫీసు మన పండక్కీ మూస్తారు, వాళ్ళ పండక్కీ మూస్తారు. తేడా వస్తే అడిగే దిక్కుండదు."

లలిత గారు మెల్లగా అన్నారు, "ముందే వెళ్దామండీ."

"డాక్టర్లు ఏడాది దాకా ఫరవాలేదన్నారు కదే. ఠీక్ హై మేడమ్, దసరాకే బుక్ చేసేయండి."

ఆయన పిసినారి కాదు. చెల్లెలంటే ప్రాణం. సెలవు వృథా చేయకూడదన్నది సర్వీసులో చేరిన నాటి నుంచి ఒంటబట్టిన అలవాటు, అంతే.

ప్రభుత్వోద్యోగి విదేశం వెళ్ళాలంటే శాఖ అనుమతి కావాలి. అది చేతికొచ్చేసరికి సెప్టెంబరు సగం దాటింది. మేం వీసాకి వేసేటప్పటికి పండగ రద్దీ ముంచుకొచ్చింది. దసరా రోజు ప్రయాణం. ముందురోజు వీసా ఆఫీసు మూసేవేళకి కూడా పాస్‌పోర్టులు రాలేదు.

దసరా పొద్దున పద్మజ భర్త ఫోన్ చేశాడు, ఐసీయూలో పెట్టారని. రమణ గారు, లలిత గారు ఆటోలో మా ఇంటికొచ్చేశారు. షాపు తెరిచి, నాకు తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్ చేశాను. ప్రతిచోటా సెలవని చెప్పే రికార్డు గొంతే. బయట రావణుడి బొమ్మని ట్రాలీ మీద మైదానానికి తీసుకెళ్తున్నారు, పిల్లలు కేకలేస్తూ వెంట నడుస్తున్నారు. ఆయన మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది. ముఖం చూశాక మళ్ళీ ఫోన్ అందుకున్నాను. సాయంత్రం విమానం వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు కొరియా వాళ్ళ సెలవని వీసా ఆఫీసు తెరవలేదు. రెండో రోజు పద్మజ పోయింది. చెల్లెలి అంత్యక్రియలు ఆయన ఫోన్లో చూశారు.

పండగలన్నీ అయ్యాక వీసాలొచ్చాయి. పాస్‌పోర్టుల కోసం రమణ గారొక్కరే వచ్చారు. తీసుకుని, తెరిచి చూడకుండానే జేబులో పెట్టుకున్నారు.

"వెళ్తున్నారా?" అని అడిగాను.

"వెళ్ళాలండి, అస్థికలు తేవాలి. మా పెద్దాఫీసర్ని సెలవడిగితే నిలబడే సంతకం పెట్టేశారు. ఇంత కష్టముందని ఆగస్టులోనే చెప్పుంటే అప్పుడే పంపేవాణ్ణి కదా అన్నారండి." జేబులోని పాస్‌పోర్టులు సర్దుకున్నారు. "కాదనేవాళ్ళే లేరు మేడమ్. నేనే అడగలేదు."

టీ తెప్పించాను. తాగలేదు.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. ఎవరొచ్చినా సెలవులెప్పుడని ముందు అడగను, ఎందుకెళ్తున్నారని అడుగుతాను. కొండలూ, బీచ్‌లూ చూడ్డానికైతే పండగకి పండగ అతికించి ఎన్ని రోజులైనా లాక్కోండి, నేనే లెక్కవేసి పెడతాను. అక్కడ మంచం మీద మనిషి ఎదురుచూస్తుంటే మాత్రం క్యాలెండరు పక్కన పెట్టమని మొహమాటం లేకుండా చెప్తాను.

ఈ జనవరిలో ఒకావిడ వచ్చింది. సింగపూర్‌లో అక్కకి బాగోలేదట, హోలీ సెలవులకి ప్లాన్ చేయమంది.

"ఈ వారమే వెళ్ళండమ్మా" అన్నాను.

"టికెట్ అమ్ముకోవడానికి భయపెడుతున్నారా?" అని విసురుగా లేచి వెళ్ళిపోయింది.

హోలీ కూడా అయిపోయింది. వాళ్ళక్క అప్పటిదాకా ఉందో లేదో నాకు తెలియదు.