ఇరజ్‌కి రాని పిలుపు

ఇరజ్‌ది ఒట్టి కుళ్లుమోతు బుద్ధి. ఆ మాట అతని మొహం మీదే అనేదాన్ని. అయినా అతనంటే నాకు ఇష్టం.

టెహ్రాన్‌లో మాది ఏ పార్టీ డబ్బూ, ప్రభుత్వం డబ్బూ ముట్టని ఫార్సీ దినపత్రిక. చెప్పుల కొట్టు పైఅంతస్తులో పుట్టింది. కోర్టు మూయించినప్పుడల్లా పత్రిక లైసెన్సున్న మరొకరిని బతిమాలి, అదే బల్లల మీద, అదే మనుషులతో, కొత్త పేరుతో మళ్లీ తెచ్చేవాళ్లం. పేజీలు పేర్చే పని నాది.

మాలో ఎవరికైనా కోర్టు పిలుపు వస్తే ఆఫీసులో పెళ్లి సందడే. మిఠాయి పెట్టె వచ్చేది. జైల్లో పనికొస్తాయని తలుపు వెనక వేలాడే సంచీలో ఒకరు ఉన్ని మేజోళ్లు, ఒకరు పళ్ల బ్రష్షు, ఇంకొకరు తలనొప్పి మాత్రలు పెట్టేవాళ్లం. లోపల భయమే, పైకి నవ్వేవాళ్లం. ఆ సంచీ ఎక్కువసార్లు హూషంగ్ భుజానికే ఎక్కేది. చివరి పేజీలో ‘పొరుగువాడు’ అనే ఎగతాళి శీర్షిక రాసేది అతనే. కింద పేరుండదు, అయినా ఊరందరికీ తెలుసు.

నగర వార్తలు రాసే ఇరజ్‌ని కోర్టు ఏనాడూ పిలవలేదు. హూషంగ్ పేరిట వచ్చిన మిఠాయి నములుతూనే నా చెవిలో సణిగేవాడు. “వాడు రాసేదాంట్లో ఏముందని? నా రాతలకి జడ్జీగారికి నిద్రొస్తుందా ఏం?”

“వస్తుందేమో,” అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక చలికాలం హూషంగ్‌కి జ్వరమొచ్చి, ‘పొరుగువాడు’ ఇరజ్ చేతికొచ్చింది. ఊళ్లో కార్ల పొగ తగ్గించాలని ఉపన్యాసమిచ్చే ప్రభుత్వ పెద్దాయన గురించి రాశాడు. ఉపన్యాసం అయ్యేదాకా బయట ఆయన కార్ల ఇంజన్లు ఆగవట, సీట్లు చల్లబడతాయని. చదివి పడీపడీ నవ్వాం. తన పేరు వేయమని ఇరజ్ కాళ్లావేళ్లా పడ్డాడు. పొరుగువాడికి పేరుండదని ఎడిటర్ మొహ్తషమ్ తేల్చేశాడు.

పిలుపు వచ్చింది, హూషంగ్ పేరు మీద.

మళ్లీ మిఠాయి వచ్చింది. ఇరజ్ మొహం నల్లబడింది. ఆ రాత నాది, నేనే వెళ్తానని పట్టుబట్టాడు. హూషంగ్ అతని భుజం మీద చెయ్యేశాడు.

“నీకు ఆయాసం, ఇరజ్. ఆ గదుల్లో నీకు ఊపిరాడదు. నాకు అలవాటే, ఊరుకో.”

ఊరుకుంటాడా? కోర్టుకి పరిగెత్తాడు. అక్కడి గుమాస్తా అంతా విని, స్నేహితుణ్ణి తప్పించడానికి ఇలా వచ్చేవాళ్లు చాలామందే అని, నీలాంటివాడు అందరికీ ఉండాలని మెచ్చుకుని పంపించాడు. తిరిగొచ్చి ఇరజ్ కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. “చివరికి నా జైలు కూడా వాడికేనా?” అన్నాడు. నవ్వొచ్చింది, జాలీ వేసింది.

హూషంగ్‌ని లోపలేశారు. పత్రిక మూతపడింది. కొన్నాళ్లకు మరో పేరుతో తెచ్చాం. ‘పొరుగువాడు’ రోజూ ఇరజే రాశాడు, హూషంగ్ కంటే బాగా. నిజం చెప్పడానికి నాకేం?

ఒక పొద్దున ఇద్దరం పత్రికల బడ్డీ దగ్గర ఆగాం. బడ్డీవాడు మా చివరి పేజీ విప్పి చూపించాడు. “చూశావా అమ్మా, హూషంగ్ జైల్లో కూర్చుని కూడా ఎలా ఏకిపారేస్తున్నాడో?”

నిజం చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. ఇరజ్ నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. పళ్లు బిగించుకుని బడ్డీవాడితో, “అవును, హూషంగే. వాడు ఎక్కడున్నా చెయ్యి ఆగదు,” అన్నాడు.

నాలుగడుగులు వేశాక ఆయాసంతో ఆగిపోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“బయటికి రానీ,” అన్నాడు. “అప్పుడు ఊరంతా తిరిగి చెప్తాను, అవన్నీ నావేనని. ముందు వాణ్ణి రానీ.”