మూడుసార్లు మార్చిన ఆయిల్ సీలు

2002 జులైలో నన్ను వాషింగ్ బే నుంచి యాక్సిల్ బేకి మార్చారు. గుంటూరు శివార్లలో పికప్ బండ్లకూ చిన్న లారీలకూ సర్వీసు చేసే వర్క్‌షాపు మాది. వాషింగ్ బే అంటే విప్పిన సామాన్లను డీజిల్‌లో కడిగే చోటు. అక్కడ ఎనిమిదేళ్ళు కడిగాను. యాక్సిల్ బే అంటే బండి వెనక చక్రాలను తిప్పే భాగాలన్నీ విప్పి బిగించే చోటు. బదిలీ ఆర్డరు కాగితం మీద రాలేదు. ఫోర్‌మన్ సాంబశివరావు గారు టీ తాగుతూ, "కోటేశ్వరమ్మా, రేపటినుంచి నువ్వు యాక్సిల్ బేలోకి పో. కడిగి కడిగి ఏ ముక్క ఎక్కడిదో నీకు తెలుసు గదా" అన్నారు. నా తెలివిని గుర్తించి ఇచ్చిన పదోన్నతి కాదది. అక్కడి మెకానిక్ ఒంగోలులో సొంత షెడ్డు పెట్టుకుని వెళ్ళిపోయాడు, పత్తి సీజను ముందు ఇంకో మనిషి దొరకలేదు. నా హోదా మెకానిక్ గ్రేడ్ టూ. మా వర్క్‌షాపులో గ్రేడ్ త్రీ అనేది లేదు కాబట్టి, గ్రేడ్ టూ అంటే అందరికన్నా కింద.

ఈ పని తెలియనివారికోసం రెండు మాటలు. పికప్ వెనక చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనప గొట్టం ఉంటుంది, మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి. దాన్ని హౌసింగ్ అంటాం. ఆ ఉబ్బులో ఉండే పళ్ళ చక్రాల పేరు డిఫరెన్షియల్. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలి కదా, ఆ సర్దుబాటు చేసేది అదే. దానికి రెండు పక్కలా చక్రాల దాకా వెళ్ళే కడ్డీలు యాక్సిల్ షాఫ్టులు. లోపల చిక్కటి తొంభై నంబరు ఆయిల్ ఉంటుంది. అది చక్రంలోకి రాకుండా రెండు చివర్లా చెరో రబ్బరు సీలు. సీలు పోతే ఆయిల్, చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనింగు మీద పడుతుంది. ఆయిల్ తాగిన లైనింగు బండిని ఆపదు.

దసరా వెళ్ళిన పదిరోజులకు ప్రత్తిపాడునుంచి ఒక పికప్ వచ్చింది. ఓనరు రామకోటయ్య గారు, పత్తి కొని జిన్నింగు మిల్లులకు తోలే వ్యాపారి. బండి తెచ్చినవాడు డ్రైవరు ఏడుకొండలు. ఎడమ చక్రం లోపల ఆయిల్ కారుతోంది. చక్రం విప్పాను, బ్రేకు డ్రమ్ము తీశాను, షాఫ్టు లాగాను, పాత సీలు ఊడదీసి కొత్తది వంకర పోకుండా దిగ్గొట్టాను. లైనింగును పెట్రోలుతో కడిగి ఆరబెట్టాను. వారానికి కుడివైపు కారింది. కుడిసీలు మార్చాను. ఇంకో వారానికి రెండువైపులా కారింది. రెండూ మార్చాను.

మూడోసారికి షెడ్డులో మాటలు మొదలయ్యాయి. ఇంజను బేలోవాళ్ళు నేను దగ్గరికొస్తే, "పిన్నీ, సీలుకి కాస్త అన్నం మెతుకులు పెట్టి అంటించకపోయావా?" అనేవాళ్ళు. ఫోర్‌మన్ గారు పరిష్కారంగా సందులు పూడ్చే సిలికాన్ పేస్టు ఒక ట్యూబు ఇచ్చారు. ఆయన దగ్గర ఏ జబ్బుకైనా అదే మందు. ఆ ట్యూబు ఇచ్చి అవతలికి వెళ్తే పని అయిపోయినట్టే ఆయన లెక్క.

నాలుగోసారి బండి తనంతట తాను రాలేదు. పత్తి బోరేలు ఎత్తుగా కట్టుకుని వస్తూ ఏటుకూరు దగ్గర బ్రేకు పట్టక కల్వర్టు గోడకు గుద్దుకుంది. గోడమీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు అంతకు నిమిషం ముందే టీకని లేచారట. ఏడుకొండలు నుదురు చిట్లింది. రామకోటయ్య గారు బండికన్నా ముందే మా షెడ్డుకు చేరారు.

"ఏవయ్యా ఫోర్‌మనూ, మీకు మగాళ్ళు కరువయ్యారా? ఆడమనిషి చేత సీళ్ళేయిస్తావా? చేతిలో బలముంటే గదా అది కూర్చునేది!"

సీలును బలంతో కొడితే పాడవుతుంది, తిన్నగా కొడితే కూర్చుంటుంది. ఆ మాట చెప్పబోయాను. ఫోర్‌మన్ గారు చెయ్యెత్తి ఆపారు. సోమవారం కంపెనీ సర్వీసు ఇంజనీరు వస్తారనీ, నా పనిలో తప్పుందని ఆయన తేల్చితే నన్ను వాషింగ్ బేకి పంపేస్తాననీ ఓనరుకు మాట ఇచ్చారు. ఓనరు అంతటితో ఆగలేదు. ఏడుకొండలు వైపు తిరిగి, "నీ సంగతి కూడా అప్పుడే చూస్తా. నువ్వు ఎగరేసుకుంటూ తోలకపోతే నా బండికి ఇన్ని రోగాలెందుకొస్తయ్యిరా?" అన్నారు. నాకు డీజిల్ తొట్టి, అతనికి ఇల్లు. సోమవారానికి ఇద్దరి పనులూ తేలిపోవాలి.

ఇంజనీరు గారు ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో వచ్చారు. మా షెడ్డుకు తెల్లచొక్కాతో వచ్చే మనిషి పని చెయ్యడానికి రాలేదని కుక్కలకు కూడా తెలుసు. ఆయన షాఫ్టు మీద డయల్ గేజ్ పెట్టి వంకర కొలిచారు. వంకర లేదు. సీలు కూర్చునే గాడి కొలిచారు. బాగుంది. అన్నీ బాగున్నాయి కాబట్టి తప్పు బిగించిన మనిషిదేనని చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఇంజనీరు గారు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిజానికి అడగాల్సిందే. అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

రూలు ప్రకారం చివర ఒక లోడు టెస్టు చెయ్యాలి. కొత్త సీళ్ళు, కొత్త లైనింగులు వేశాం. పెట్రోలుతో కడిగిన లైనింగు పైకి ఆరినా వేడెక్కితే లోపలి ఆయిల్ మళ్ళీ కక్కుతుంది. మూడుసార్లు కడిగి వాడటం నేను చేసిన తప్పు. ఫోర్‌మన్ గారు చెప్పారు కాబట్టి చేశాను, అయినా చేసింది నేనే. ఇసుక మూటలు వేసి ఏడుకొండలు పదిమైళ్ళు పోయి వచ్చాడు. బండి ఆగగానే ఇంజనీరు గారు ఆయిల్ మట్టం చూడమన్నారు. వేడిమీద చూడకూడదు, బండి చల్లారాక చూడాలి. ఆ సంగతి ఆయన పుస్తకంలోనే ఉంటుంది. కానీ ఆయనకు మూడుగంటల బస్సు ఉంది.

నేను హౌసింగ్ కింద దూరి, మట్టం చూసే ప్లగ్గు వదులు చేశాను. ఆయన పక్కనే గొంతుక్కూర్చుని టార్చి వేస్తున్నారు. ప్లగ్గు రెండు చుట్లు తిరిగిందో లేదో గోలీసోడా కొట్టినట్టు బుస్సుమంది. తొంభై నంబరు ఆయిల్ నురగతో సహా ఆయన చొక్కా జేబునుంచి గడ్డం దాకా పడింది. ఆయన ఇంగ్లీషులో ఒకమాట అన్నారు. ఏడుకొండలు అవతలికి తిరిగి దగ్గాడు.

ఆ బుస్సు విన్నాక నాకు తప్పు ఎక్కడుందో తెలిసింది. హౌసింగ్ లోపల గాలి బిగుసుకుని ఉంది. పళ్ళు తిరిగేకొద్దీ ఆయిల్ వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవడానికి హౌసింగ్ పైభాగాన సోడాసీసా మూతంత చిన్న టోపీ ఉంటుంది. దాన్ని బ్రీదరు అంటాం. అది మూసుకుపోతే గాలి సీళ్ళ పెదవుల కిందనుంచి దారి చేసుకుంటుంది, వెంట ఆయిల్‌ను తెస్తుంది. ఎన్ని సీళ్ళు మార్చినా, ఎవరు దిగ్గొట్టినా అంతే.

పక్కకు జరిగి హౌసింగ్ పైభాగం చూశాను. బ్రీదరు కనిపించలేదు. అది ఉండాల్సినచోట ఒక బొట్టు ఉంది.

దసరాకు బండి మొత్తం రంగు వేయించడం మావైపు అలవాటు. రామకోటయ్య గారు ఇనుము అనేది కంటికి కనబడకూడదని కింది హౌసింగ్‌తో సహా వెండిరంగు కొట్టించారు. పెయింటరు బ్రీదరు మీదుగా రెండు పూతలు పూశాడు. ఆ తర్వాత పూజలో, కొలిచి పెట్టినట్టున్న ఆ బుడిపె మీదే గంధం, పసుపు ముద్దగా మెత్తి పైన కుంకుమ పెట్టారు. అది రంగు తడిమీద అతుక్కుని సిమెంటులా గట్టిపడింది. దాన్ని నేను అంతకుముందు మూడుసార్లు చూశాను. బండి పనికి తీసుకునేముందు హౌసింగ్ అంతా డీజిల్ గుడ్డతో తుడవాలి. మూడుసార్లూ తుడిచాను. మూడుసార్లూ ఆ బొట్టు చుట్టూ జాగ్రత్తగా తుడిచి, దాన్ని వదిలేశాను. పసుపు కుంకుమ మీద డీజిల్ గుడ్డ ఎలా పెడతాం? భక్తి అంతా చూపించాను, బ్రీదరు మాత్రం చూడలేదు.

దాన్ని చెక్కాలి అన్నాను. తీర్పు వినడానికి పొద్దున్నే వచ్చి నిలబడ్డ రామకోటయ్య గారు అడ్డం వచ్చారు.

"దసరా బొట్టమ్మా అది! మళ్ళీ దసరా దాకా తియ్యకూడదు."

"తియ్యకపోతే బండి ఆగదండీ."

"పూజ చేస్తే బ్రేకులు పోతయ్యా? ఎక్కడన్నా విన్నామా?"

ఏడుకొండలు నుదుటి కట్టు తడుముకుంటూ, "వినలేదయ్యా, నేను చూశా" అన్నాడు.

చెక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇంజను బే మొనగాళ్ళు ఇద్దరు ఉన్నట్టుండి పాన జారిందని వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఫోర్‌మన్ గారు చేతులు వెనక్కి కట్టుకుని, "నువ్వే కానియ్యమ్మా" అన్నారు. బలం లేదన్న చెయ్యి ఆ పనికి మాత్రం సరిపోయింది. ఉలిముక్కతో చెక్కి, థిన్నరు పోసి నానబెట్టి, బ్రీదరు విప్పాను. నోటితో ఊదితే గాలి దూరలేదు. కడిగాక దూరింది. బిగించి మళ్ళీ పదిమైళ్ళు తిప్పించాం. వచ్చాక ప్లగ్గు విప్పితే చప్పుడు లేదు. రెండు చక్రాలూ పొడిగా ఉన్నాయి. ఇంజనీరు గారు మాత్రం ఈసారి మూడుగజాల దూరంలో నిలబడి చూసి, పుస్తకంలో రాసింది కొట్టేసి, తర్వాతి బస్సు ఎక్కారు.

ఆ సాయంత్రం ఫోర్‌మన్ గారు జాబ్ కార్డు తెచ్చారు. బండికి ఏ జబ్బు, ఏ కారణం, ఏ పని చేశాం అనేది రాసి మెకానిక్ సంతకంతో ఫైల్లో పెట్టే అట్ట అది. ఆయనకు ఇంగ్లీషు స్పెల్లింగులంటే భయం, అందుకని మా కార్డులు తెలుగులో ఉండేవి. నేను అక్షరాలు నేర్చుకుని అప్పటికి రెండేళ్ళు. నలభై దాటాక మా పేటలో నేర్చుకున్నాను, కూడబలుక్కుని చదువుతాను. కారణం గడిలో ‘సీళ్ళు నాసిరకం’ అని ఉంది.

ఇదేంటి సార్ అన్నాను.

"అందరికీ మంచిదమ్మా. నీ మీద మాట రాదు, ఓనరుగారి పూజ మీద మాట రాదు, షెడ్డు మీద మాట రాదు. సీలుకు నోరు లేదు గదా! సంతకం పెట్టు, నీ బే నీకుంటది."

పెట్టేదాన్నేమో. బండి తీసుకెళ్ళడానికి నిలబడ్డ ఏడుకొండలు అప్పుడు ఒక మాట అన్నాడు: "మా ఊళ్ళో దసరాకి రంగులేసింది ఒక్కడే అక్కా. పదకొండు బండ్లకేశాడు."

రేపు ఆ బండ్లు వస్తే మా వాళ్ళు ఈ కార్డు తీసి చూస్తారు. సీళ్ళు నాసిరకమని చదివి మంచిరకం సీళ్ళు వేసి పంపిస్తారు. అవి మళ్ళీ ఏటుకూరు కల్వర్టు దాకా పోతాయి. నేను పెన్ను అడిగి, ఆయన రాసింది కొట్టేసి, కింద రాశాను: ‘బ్రీదరు రంగుతోటి, బొట్టుతోటి మూసుకుపోయింది. మెకానిక్ మూడుసార్లు చూడలేదు. లైనింగు కడిగి వాడాం, అదీ తప్పు. ప్రత్తిపాడు బండ్లన్నీ పిలిపించి చూడాలి.’ ఇంత రాయడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఫోర్‌మన్ గారు నిలబడే ఉన్నారు. ఆయన్ను అంతసేపు ఒకచోట నిలబెట్టిన పని ఆ షెడ్డులో అంతకుముందు జరగలేదు.

"మెమో వస్తది నీకు" అన్నారు.

వచ్చింది. వర్క్స్ మేనేజరు ఆ కార్డు చదివి, ఒకే తప్పు మూడుసార్లు చేసినందుకు నాకు మెమో ఇచ్చి, యాక్సిల్ బేలోనే ఉంచారు. సీజనులో వేరే మనిషి లేడు. ఏడుకొండలు ఉద్యోగం కూడా నిలబడింది. పదకొండు బండ్లలో రామకోటయ్య గారిది పోను పదింటికి కబురు పంపితే ఏడు వచ్చాయి. ఏడింటికీ బ్రీదర్లు మూసుకుపోయి ఉన్నాయి. మిగిలిన మూడింటి ఓనర్లు బొట్టు చెక్కనిచ్చేది లేదన్నారు. వాటిలో ఒకటి మిర్చి సీజనులో తాడు కట్టించుకుని వచ్చింది. బొట్టు చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా యాక్సిల్ బేలోనే పనిచేశాను. ఈ ఉదంతంవల్ల నేర్చుకున్నవి రెండు. ఆయిల్ బయటపడినచోటే తప్పు ఉందనుకోకూడదు. సీలు మార్చేముందు లోపలి గాలికి దారి ఉందో లేదో చూడాలి, దానిమీద ఏమున్నా సరే తీసి చూడాలి. రెండోది, కార్డులో కారణం గడి షెడ్డు పరువుకోసం పెట్టింది కాదు, తర్వాత ఆ బండి కింద పడుకునే మెకానిక్ కోసం పెట్టింది. అందులో మన తప్పుతో సహా రాయాలి. రాస్తే మెమో వస్తుంది.