సిలిండర్ల మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు కృష్ణా నదిని ఎన్నడూ వెయ్యలేదు. మంగళగిరిలో తన గదిలో కూర్చుని, ఆటోలో పేర్చినట్టు వరసలు వరసలుగా ఎర్రటి గ్యాస్ సిలిండర్లే వేసేవారు. జనం నవ్వితే, "రోజూ వంటింట్లో చూసేది బొమ్మకు పనికిరాదా?" అని విసుక్కునేవారు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

చివరి రోజుల్లో ఆయన చూపు మందగించింది. రంగు కలిపిన ప్రతిసారీ కుంచెను కిటికీ వెలుతురుకు ఎత్తి, "ఇది ఎరుపేనా అమ్మా?" అని అడిగేవారు. ఒకసారి కాదన్నాను. ఆ వారమంతా ఆయన కుంచె ముట్టలేదు. అప్పటినుంచి రంగు మట్టిలా ఉన్నా, "అవునండీ" అనేదాన్ని.

మాస్టారు పోయాక, మొన్న బెజవాడలో కుర్ర చిత్రకారుల ప్రదర్శనకు వెళ్లాను. ఒకరు సెల్‌ఫోన్లు, ఒకరు వాటర్ టిన్నులు వరసలుగా వేశారు. అన్నిటికీ ఆ మట్టిరంగే.

"మాస్టారి బొమ్మలు చూసే నేర్చుకున్నామండీ" అంది వాళ్లలో ఒకమ్మాయి, నేనాయన శిష్యురాలినని తెలిసి. "ఎర్రటి సిలిండర్‌కి మట్టిరంగు వెయ్యాలంటే ఎంత ధైర్యం! కావాలనే వేశారు కదా మేడమ్?"

వెలుతురుకు ఎత్తిన ఆ కుంచె, నా జవాబు కోసం తిరిగిన ఆ మసక కళ్లు గుర్తొచ్చాయి.

ఆ పిల్లకు కాక ఆయనకే చెబుతున్నట్టు, "అవునండీ" అన్నాను.